రెక్క విప్పకముందే

ఎగిరే పక్షి ఫొటో సరిగా రాలేదంటే చాలామంది ముందు కెమెరాను అనుమానిస్తారు, ఆ తర్వాత తమ చేతి వేగాన్ని. లోపం తరచూ ఈ రెండింటిలోనూ ఉండదు. ఒక చిన్న లెక్క చూడండి. 400 మిల్లీమీటర్ల లెన్సు బిగించిన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో, 30 మీటర్ల దూరాన మనకు కనిపించే వెడల్పు 2.7 మీటర్లే. రెక్కలు చాచిన గూడబాతు ఒక్కటే అందులో రెండు మీటర్లకు పైగా ఆక్రమిస్తుంది. సెకనుకు 12 మీటర్ల వేగంతో అడ్డంగా పోయే పక్షి ఆ మేర దాటడానికి పావు సెకను కూడా పట్టదు. కన్ను చూసింది వేలికి చేరడానికే దాదాపు అంత సమయం కావాలి. కాబట్టి పక్షి ఫ్రేములోకి వచ్చాక నొక్కుదామనుకుంటే అందదు. ఎటు లేస్తుందో ముందే ఊహించి, లేచింది మొదలు లెన్సుతో దాన్ని వెంబడించేవారికే అందుతుంది.

ఆ ఊహకు ఆధారాలు పక్షి దగ్గరే ఉన్నాయి. పెద్ద పక్షులు లేచేటప్పుడూ వాలేటప్పుడూ సాధారణంగా గాలికి ఎదురుగా తిరుగుతాయి. తూర్పు గాలి వీస్తున్న ఉదయం చెరువుకు తూర్పు గట్టున నిలబడితే, ఎండా గాలీ రెండూ మన వీపు వైపు నుంచే వస్తాయి. వాలే కొంగ మొహం మీద వెలుగుతో మనకేసి వస్తుంది. అదే గాలికి సాయంత్రం పడమటి గట్టున నిలబడితే వెలుగు బాగానే ఉంటుంది కానీ, దొరికేవి తోకలే. ఎగరబోయే కొంగ గాలివైపు తిరిగి, మెడ చాచి, కాళ్ళు కాస్త మడుస్తుంది. చాలాసార్లు అంతకుముందే రెట్ట వేస్తుంది. బరువైన గూడబాతు నీటి మీద నుంచి లేవాలంటే కాళ్ళతో నీళ్ళు తన్నుకుంటూ కొంతదూరం పరుగు తీయాల్సిందే. ఫోకస్ కుదుర్చుకోవడానికి ఆ పరుగు చాలు. నలుపు తెలుపు లకుముకి పిట్ట ఇంకా ఉదారం: చేప కోసం గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది. నేర్చుకునేవారికి అంతకంటే మంచి గురువు లేదనిపిస్తుంది.

కొత్త కెమెరాలు పక్షి కంటిని వాటంతట అవే పట్టుకుంటున్నాయి, సెకనుకు 20, 30 ఫొటోలు తీస్తున్నాయి, ఇక ఈ చదువెందుకు అని అడగవచ్చు. ఆ మేలును కాదనలేం. ఫోకస్ తప్పి పాడయ్యే ఫొటోలు నిజంగా తగ్గాయి. అయితే ఫ్రాన్స్‌కు చెందిన ఎతియెన్ జూల్ మరే 1882లోనే తుపాకీ ఆకారపు కెమెరాతో సెకనుకు 12 చిత్రాలు తీసి పక్షి రెక్కల కదలికను పరిశీలించాడు. వేగం అప్పటినుంచీ పెరుగుతూనే ఉంది. ఎక్కడ నిలబడాలో చెప్పే యంత్రం మాత్రం రాలేదు. ఎక్స్‌పోజర్ సంగతీ అంతే. తెల్లకొంగ నల్లటి చెట్ల ముందు ఎగిరితే ఆటోమేటిక్ కెమెరా చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, ఈకల గీతలన్నీ తెల్లటి మచ్చలో కలిసిపోతాయి. అదే కొంగ ఆకాశం మీదికి రాగానే నల్లబడుతుంది. దాని మీద పడే ఎండ మారలేదు, వెనక తెర మారిందంతే. కొంగ తెలుపుకు తగ్గట్టు ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌గా ముందే ఖాయం చేసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. షట్టర్ స్పీడ్‌కు సెకనులో 2000వ వంతు మంచి మొదలు: సెకనుకు 15 మీటర్లు కదిలేది 500వ వంతులో 3 సెంటీమీటర్లు జరిగితే, ఇక్కడ 7.5 మిల్లీమీటర్లే జరుగుతుంది.

అంతసేపు ఎవరు కాచుకుంటారు, ఒకసారి చప్పట్లు కొడితే గుంపంతా లేస్తుంది కదా అనేవారూ ఉన్నారు. దీన్ని గట్టిగా ఖండించాలి. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టుకునేది పిల్లల్ని పెంచడానికి. తల్లి బెదిరి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి. పైగా బెదిరి లేచిన గుంపు మనకు వీపు చూపిస్తూ దూరంగా పోతుంది, ఫొటోగానూ అది నాసిరకమే. అక్కడి గూడబాతులు పులికాట్ సరస్సుకు వెళ్ళి, పిల్లలకు మేత తీసుకుని మళ్ళీ గూటికే వస్తాయి. ఒకటి వచ్చిన దారి గమనించి, గాలి చూసుకుని, దూరంగా కదలకుండా నిలబడితే మరొకటి ఆ దారినే రావచ్చు.