ఇంట్లో నాత్ రికార్డింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ మేలు?

పిల్లలు నాత్, హమ్ద్ బాగా పాడుతుంటే రికార్డ్ చేసి పెట్టుకోవాలని ఏ ఇంట్లోనైనా ఉంటుంది. అలాగని మొదటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ముందు ఒక్క లెక్క చూసుకోండి: రికార్డ్ చేసేది ఒట్టి గొంతేనా, ఇంకా ఏమైనా కలపాలా?

ఒట్టి గొంతైతే ఆడాసిటీ చాలు. 2000 సంవత్సరం నుంచి ఉచితంగానే దొరుకుతోంది. వెనక ఫ్యాన్ హోరు తగ్గించడం, తప్పు వచ్చిన చోట కత్తిరించడం అందులోనే అయిపోతాయి. మ్యాక్, ఐఫోన్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ కూడా ఉచితమే.

కోరస్ గొంతులు, దఫ్ వేర్వేరు ట్రాకుల్లో పెట్టి కలపాలంటే రీపర్ చూడండి. 60 రోజులు వాడి చూసి, నచ్చితేనే కొనొచ్చు. సొంత వాడకానికి లైసెన్స్ 60 డాలర్లు. నెలనెలా చందా కట్టే పని లేదు.

ఎఫ్ఎల్ స్టూడియో కొనేవాళ్లు మాత్రం జాగ్రత్త. అందులో చవకైన ఫ్రూటీ ఎడిషన్ బీట్లు కట్టుకోవడానికే. మైకులో గొంతు రికార్డ్ చేయాలంటే ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి. ధర చూసి తొందరపడితే రెండుసార్లు ఖర్చు.

ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే క్రాక్ కాపీ అసలు వద్దు. దాంతో వైరస్ వస్తే అదే కంప్యూటర్‌లో వాడే బ్యాంకు పాస్‌వర్డులకే ముప్పు. పైగా తయారుచేసినవాళ్ల హక్కు మనం తిన్నట్టే. ఉచితంగా మంచివి దొరుకుతుంటే ఆ అవసరమేంటి?

మిగిలిన డబ్బు మైకు మీద పెట్టండి. మందపు పరదాలు, పరుపులు ఉన్న గదిలో పాడిస్తే గోడల మోత తగ్గుతుంది. రికార్డింగ్‌లోకి ఒకసారి ఎక్కిన మోతను తర్వాత పూర్తిగా తీసేయడం కష్టం.