ఉత్తేజక మైకము: బళ్ళారి సీమలో గుర్తింపు, చికిత్స

మత్తు అనగానే మనవారికి కల్లు, సారా, నల్లమందు స్ఫురించును. ఇవి మనుజుని మందగింపజేయును. ఆంఫిటమిన్, మెథాంఫిటమిన్, కొకెయిన్ అనునవి ఇందుకు విరుద్ధముగ నిద్రను, ఆకలిని చంపి గుండెను పరుగెత్తించును. రెండవ ప్రపంచయుద్ధమున సైనికులు మేలుకొని యుండుటకు మొదటి రెంటిని వాడిరి. యుద్ధానంతరము జపానులో వ్యసనము ప్రబలగా 1951లో అచట ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చినది.

వేసవిలో 40 డిగ్రీలు దాటు బళ్ళారిలో వీని అపాయము ద్విగుణము. ఇవి లోపలి వేడిని పెంచుటయే కాక, చర్మములోని రక్తనాళములను బిగించి ఆ వేడిని వెలికి పోనీయవు. మరణమునకు ఒక ముఖ్య కారణము ఈ తాపమే.

కనుపాపలు విచ్చుకొనుట, చెమట, నాడీవేగము, దవడలు బిగియుట, ఎడతెగని మాటలు, ఎవరో తరుముచున్నారను అనుమానము దీని లక్షణములు. దీనిని వడదెబ్బ యనియో, గాలి సోకినదనియో పొరబడుట సులభము. ఉమ్మెత్త తిన్నవానికిని కనుపాపలు విచ్చుకొనును గాని, వాని చర్మము, నోరు ఎండిపోయి యుండును. ఏదియో తేల్చుట వైద్యుని పని. ఇంటివారు రోగిని నీడకు చేర్చి, తడిగుడ్డలతో చల్లార్చి, వెంటనే ఆసుపత్రికి తరలింపవలెను. త్రాళ్ళతో కట్టరాదు, పెనుగులాటలో వేడి హెచ్చి, కండరములు చెడి, మూత్రపిండములు దెబ్బతినును.

నల్లమందునకు నలోక్సోన్ వలె వీనికి విరుగుడు లేదు. వైద్యులు డయాజిపామ్ వంటి మందులతో శాంతింపజేసి, చల్లబరచి, సెలైను ఎక్కించి, గుండెను కనిపెట్టుచుందురు. 1961లో వైద్య కళాశాల ఏర్పడిన నాటినుండి బళ్ళారిలో దాని ఆసుపత్రియే ఈ సీమకు పెద్ద దిక్కు. రోగి ఏమి, ఎప్పుడు పుచ్చుకొనెనో అచట దాచరాదు.

మానిన తొలి దినములలో రోగి విపరీతముగ నిద్రించును, తినును, దిగులు కమ్మును. నెమ్మదించినాడని ఇంటివారు సంతోషించు ఆ వేళనే ఆత్మహత్య తలంపు రావచ్చును గనుక ఒంటరిగ విడువరాదు. ఈ వ్యసనమును మాన్పునట్టి నిర్ధారితమైన ఔషధము నేటికిని లేదు. మాటలతో చేయు చికిత్స కలదు. మూత్రపరీక్షలో ద్రవ్యము కనబడనప్పుడెల్ల చిన్న బహుమానమిచ్చు పద్ధతియు కలదు. వినుటకు పిల్లల ఆటవలె తోచినను, పరిశోధనలలో అన్నిటికంటె బాగుగ నిలిచినది ఇదియే.

పోలీసు భయముచే పలువురు రోగిని దాచుదురు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమున 64ఎ విభాగము, స్వల్ప పరిమాణముతో పట్టుబడియు స్వచ్ఛందముగ గుర్తింపుగల సంస్థలో చికిత్సకు వచ్చిన వ్యసనపరునకు అభియోగమునుండి రక్షణ నిచ్చుచున్నది. చికిత్స పూర్తి చేయనిచో అది తొలగవచ్చును. కేంద్ర శాసనమగుటచే 1953లో మైసూరున చేరిన బళ్ళారికిని, ఆంధ్రమున చేరిన ఆదోని, ఆలూరు, రాయదుర్గములకును ఇది ఒక్కటియే. సలహాకై 14446 అను జాతీయ సంఖ్యకు ఉచితముగ ఫోను చేయవచ్చును.