కొల్లగొట్టిన బంగారం, కొద్దిపాటి బడ్జెట్

1930ల నుంచి 1950ల చివరిదాకా హాలీవుడ్ తీసిన కౌబాయ్ సినిమాల్లో ఎక్కువ భాగం చిన్న బడ్జెట్ చిత్రాలే. సినిమా చరిత్రలో జాన్ ఫోర్డ్, హోవర్డ్ హాక్స్ లాంటి పెద్ద దర్శకుల పేర్లే వినిపిస్తాయి గాని, అమెరికాలో చిన్న ఊళ్ల థియేటర్లను వారం వారం నడిపించినవి గంట, గంటంపావు నిడివి గల ఈ చిత్రాలు. వీటి కథల్లో పదే పదే కనిపించేది దొంగిలించిన బంగారం. ఒక ముఠా బ్యాంకునో, స్టేజ్‌కోచ్ అనే గుర్రపుబండినో, రైలునో కొల్లగొడుతుంది. దాని వెంట ఒకడు పడతాడు. చివరికి పంపకాల దగ్గర ముఠాలోని వాళ్లే ఒకరినొకరు చంపుకుంటారు. ఇంతమాత్రం ఇతివృత్తం అన్నేళ్లపాటు అరిగిపోకుండా నిలవడానికి కారణాలు కొన్ని చరిత్రలో ఉన్నాయి, కొన్ని నిర్మాతల జమాఖర్చుల్లో ఉన్నాయి.

1848 జనవరి 24న కాలిఫోర్నియాలోని కొలోమా వద్ద, సటర్ అనే ఆసామి కట్టిస్తున్న రంపపు మిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారపు పలుకులు కనిపించాయి. ఆ వార్త పొక్కాక లక్షల మంది పడమటికి తరలివెళ్లారు. కొండల్లో తవ్విన బంగారాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చడమే పెద్ద వ్యాపారమైంది. 1852లో హెన్రీ వెల్స్, విలియం ఫార్గో మొదలుపెట్టిన వెల్స్ ఫార్గో కంపెనీ అలా ఎదిగిందే. ఇనుప పట్టీలు బిగించిన ఆ కంపెనీ చెక్కపెట్టె స్టేజ్‌కోచ్‌లో బండివాడి సీటు కింద ప్రయాణించేది. ఏ దొంగ బండి ఆపినా మొదట అడిగేది ఆ పెట్టెనే.

నిజమైన దొంగల చరిత్ర సినిమాలకు తీసిపోదు. బ్లాక్ బార్ట్ అనే పేరుతో చెలామణి అయిన చార్లెస్ బోల్స్ 1875 నుంచి 1883 వరకు వెల్స్ ఫార్గో బండ్లను 28 సార్లు దోచాడు. గుర్రం ఎక్కకుండా కాలినడకనే వచ్చేవాడు, ఒక్క తూటా పేల్చలేదు. ఆఖరి దోపిడీలో జారవిడిచిన చేతిరుమాలు మీది చాకలి గుర్తు ఆధారంగా కంపెనీ డిటెక్టివ్‌లు శాన్‌ఫ్రాన్సిస్కో లాండ్రీలన్నీ గాలించి అతణ్ని పట్టుకున్నారు. 1877 సెప్టెంబరులో నెబ్రాస్కాలోని బిగ్ స్ప్రింగ్స్ వద్ద శామ్ బాస్ ముఠా యూనియన్ పసిఫిక్ రైలును ఆపి, అప్పుడే టంకశాల నుంచి వచ్చిన 20 డాలర్ల బంగారు నాణేలను, 60 వేల డాలర్ల విలువైనవి, ఎత్తుకుపోయింది. 1903లో ఎడ్విన్ పోర్టర్ తీసిన ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ పన్నెండు నిమిషాల సినిమా. దాన్ని తీసేనాటికి ఇలాంటి దోపిడీలు జనం మనసులో ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

మహా మాంద్యం రోజుల్లో థియేటర్లు జనాన్ని రప్పించడానికి ఒకే టికెట్ మీద రెండు సినిమాలు చూపించడం మొదలుపెట్టాయి. మొదటిది పెద్ద తారల సినిమా, రెండోది చిన్నది. పెద్ద సినిమాకు థియేటర్ వసూళ్లలో వాటా ఇచ్చేది, చిన్నదానికి ముందే మాట్లాడుకున్న అద్దె మాత్రం చెల్లించేది. ఈ అద్దె పద్ధతే చిన్న సినిమా తలరాతను నిర్ణయించింది. సినిమా ఎంత బాగా ఆడినా రాబడి పెరగదు కాబట్టి, లాభం మిగలాలంటే ఖర్చు తగ్గించడం ఒక్కటే దారి. 1935లో హెర్బర్ట్ యేట్స్ స్థాపించిన రిపబ్లిక్ పిక్చర్స్, మోనోగ్రామ్ వంటి కంపెనీలు ఈ లెక్క మీదే బతికాయి. ఒక సినిమా కోసం తీసిన గుర్రాల పరుగును మరో సినిమాలో అతికించేవారు. పాత ముక్క కొత్త సన్నివేశంలో కలిసిపోవడానికి హీరోకు సినిమా సినిమాకూ ఒకే రకం దుస్తులు వేసేవారు. దీపాల ఖర్చు లేకుండా రాత్రి దృశ్యాలను పట్టపగలే తీసి, ఫిల్టర్‌తో చీకటిగా చూపేవారు.

ఇలాంటి నిర్మాతకు బంగారం కంటే అనువైన కథావస్తువు లేదు. ఈ కథలు జరిగే కాలంలో ఔన్సు బంగారం ధర 20.67 డాలర్లు. ఆ లెక్కన 20 వేల డాలర్ల బంగారం సుమారు 30 కిలోలు తూగుతుంది. నాణేలైతే, కలిపిన రాగితో కలుపుకొని 33 కిలోలు దాటుతుంది. నోట్ల కట్టలాగా దాన్ని జేబులో పెట్టుకుని ఎవడూ గుర్రం దౌడు తీయించలేడు. బండి కావాలి లేదా కంచరగాడిద కావాలి. బండి నెమ్మదిగా నడుస్తుంది, నీళ్లున్న చోటల్లా ఆగుతుంది. ఒకరంటే ఒకరికి నమ్మకం లేని నలుగురైదుగురు అదే పెట్టె పక్కన నిద్రపోవాల్సి వస్తుంది. ఇక కథకు భారీ సెట్టింగులు, జనసమూహాలు అక్కర్లేదు. ఆరుబయలు, కొన్ని గుర్రాలు, ఒక పెట్టె ఉంటే చాలు. అందరూ దేనికోసం ఎదురుచూస్తున్నారో ప్రేక్షకుడికి వివరించే పని కూడా ఉండదు.

ఆరుబయలు కోసం చాలామంది నిర్మాతలు వెళ్లింది లోన్ పైన్‌కు. లాస్ ఏంజెలిస్‌కు ఉత్తరాన మూడు వందల కిలోమీటర్ల పైన, సియెరా నెవాడా పర్వతాల పాదాల దగ్గర ఉన్న చిన్న ఊరది. దాని పక్కనే ఉన్న అలబామా హిల్స్‌లో గుండ్రటి బండరాళ్లు గుట్టలు గుట్టలుగా పేర్చినట్టుంటాయి. కెమెరాను కాస్త పక్కకు తిప్పితే ఎడారి, మరికాస్త తిప్పితే మంచు శిఖరాలు. 1939లో వచ్చిన ‘గుంగా దిన్’ కోసం ఈ గుట్టలనే భారతదేశపు వాయవ్య సరిహద్దుగా చూపించారు. కౌబాయ్ సినిమాల్లో పొంచి ఉన్న దొంగ తల పైకెత్తే బండరాళ్లలో చాలా ఇక్కడివే.

ఈ తరహా చిత్రాల్లో అగ్రస్థానం ‘సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ’కే ఇవ్వాలి. దీన్ని 1956లో నటుడు జాన్ వేన్ సొంత సంస్థ బాట్జాక్ నిర్మించింది. దర్శకుడు బడ్ బెటికర్, రచయిత బర్ట్ కెనెడీ. హీరో వేషం వేన్ తానే వేయాలనుకున్నా, ‘ది సెర్చర్స్’ పనిలో ఉండటంతో అది రాండాల్ఫ్ స్కాట్‌కు వెళ్లింది. అప్పటికి స్కాట్ వయసు 58. సినిమా నిడివి 78 నిమిషాలు, షూటింగ్ లోన్ పైన్‌లో.

కథలో ఏడుగురు దొంగలు వెల్స్ ఫార్గో ఆఫీసు నుంచి 20 వేల డాలర్ల బంగారం దోచుకుంటారు. ఆ దోపిడీలో అక్కడ గుమాస్తాగా పనిచేస్తున్న ఒకామె చనిపోతుంది. ఆమె భర్త బెన్ స్ట్రైడ్ మాజీ షెరీఫ్. ఎన్నికల్లో ఓడిపోయాక, షెరీఫ్ ఆఫీసులో డిప్యూటీగా పనిచేయడానికి అతనికి అహం అడ్డొచ్చింది. ఇల్లు గడవడానికి భార్య ఉద్యోగానికి వెళ్లింది. దొంగలను వేటాడుతున్న స్ట్రైడ్ నిజానికి తన అపరాధభావాన్ని మోసుకు తిరుగుతున్నాడు. ఇదంతా మాటల్లో పొదుపుగా, అక్కడక్కడ మాత్రమే బయటపడుతుంది.

మొదటి సన్నివేశం చూస్తే చాలు, దర్శకుడి శక్తి తెలుస్తుంది. వానలో తడుస్తూ స్ట్రైడ్ ఒక రాతిగుహ దగ్గరికి వస్తాడు. లోపల మంట చుట్టూ ఇద్దరు కూర్చుని ఉంటారు. కాఫీ ఇస్తారు. మాటల్లో ఆ హత్య ప్రస్తావన వస్తుంది. హంతకులు దొరికారా అని వాళ్లలో ఒకడు అడుగుతాడు. ఇద్దరు దొరికారని స్ట్రైడ్ బదులిస్తాడు. అంతే, తెర మీద బయట వానలో కట్టేసిన గుర్రాలు కనిపిస్తాయి, తుపాకీ మోతలు వినిపిస్తాయి. కాల్పులు చూపనే లేదు. ఖర్చు కలిసొచ్చింది, సన్నివేశమూ పదునెక్కింది. చిన్న సినిమాకు తెలిసిన విద్య ఇదే.

ఆ తర్వాత స్ట్రైడ్ బురదలో కూరుకున్న ఒక బండిని బయటికి లాగడానికి సాయపడతాడు. గ్రీర్ దంపతులు కాలిఫోర్నియాకు వలసపోతున్నారు. దోచిన బంగారం వాళ్ల బండిలోనే ఉందని స్ట్రైడ్‌కే కాదు, గ్రీర్ భార్యకూ తెలియదు. 500 డాలర్ల కూలికి ఆశపడి భర్త ఆ పెట్టె చేరవేయడానికి ఒప్పుకున్నాడు. ఇంతలో లీ మార్విన్ పోషించిన మాస్టర్స్ అనే దొంగ వచ్చి కలుస్తాడు. దోపిడీలో అతనికి భాగం లేదు, కాని స్ట్రైడ్ వెంట ఉంటే బంగారం దొరుకుతుందని అతని లెక్క. ఆకుపచ్చ మెడగుడ్డ, నవ్వుతూ గుచ్చే మాటలు, ఊరికే తుపాకీ దూసి మళ్లీ ఒరలో పెట్టే సరదా కలిసి మార్విన్‌ను హీరో కంటే ఆకర్షణీయంగా నిలబెట్టాయి. వాననాటి రాత్రి ఇరుకు బండిలో కాఫీ తాగుతూ, భర్త ఎదుటే అతని భార్య గురించి మాస్టర్స్ చెప్పే ఒక కట్టుకథ ఏ తుపాకీ పోరాటానికీ తీసిపోదు.

చివర్లో ఆ బంగారపు పెట్టె రాళ్ల నడుమ ఖాళీ జాగాలో పడి ఉంటుంది. మాస్టర్స్ తన వెంట తిరిగిన తోడునే కాల్చి చంపి, కాలికి గాయమైన స్ట్రైడ్‌కు ఎదురు నిలుస్తాడు. స్ట్రైడ్ ఎప్పుడు కాల్చాడో తెర మీద కనబడదు. మాస్టర్స్ చేతులు తుపాకుల మీదికి వెళ్తాయి, అంతలోనే అతని ముఖంలో ఆశ్చర్యం. ఫ్రాన్స్‌లో విమర్శకుడు ఆంద్రే బాజాఁ 1957లో ఈ చిత్రం గురించి ప్రత్యేకంగా వ్యాసం రాసి, తెలివి ఉండీ దాన్ని ప్రదర్శించుకోని సినిమా అని మెచ్చుకున్నాడు. అమెరికాలో మాత్రం ఇది దశాబ్దాలపాటు చూడటానికే దొరకలేదు. 2000లో యు.సి.ఎల్.ఎ. ఫిల్మ్ ఆర్కైవ్ పునరుద్ధరించాక మళ్లీ వెలుగులోకి వచ్చింది. బెటికర్, స్కాట్ కలిసి 1960 దాకా మరో ఆరు చిత్రాలు చేశారు. వాటిలో ‘ది టాల్ టి’, ‘రైడ్ లోన్‌సమ్’, ‘కొమాంచీ స్టేషన్’ చాలా మంచివి.

స్కాట్‌కు బంగారం కథలు కొత్త కాదు. 1952 నాటి ‘హ్యాంగ్‌మన్స్ నాట్’లో అతను అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైనికాధికారి. ఉత్తరాది సైన్యం తరలిస్తున్న బంగారాన్ని దోచాక యుద్ధం ఎప్పుడో ముగిసిపోయిందని తెలుస్తుంది. క్షణాల్లో సైనికులు దొంగలైపోతారు. వాళ్లను ఇంకో ముఠా ఒక స్టేజ్‌కోచ్ మజిలీలో చుట్టుముడుతుంది. సినిమాలో చాలా భాగం ఆ ఒక్క ఇంట్లోనే నడుస్తుంది.

1959లో ఆంద్రె డి టోత్ తీసిన ‘డే ఆఫ్ ది ఔట్‌లా’ ఇంకా కఠినమైన సినిమా. నలుపు తెలుపుల్లో, ఆరెగాన్ మంచులో తీశారు. సైన్యం బంగారం కొల్లగొట్టిన ఏడుగురు, ఇరవై మంది కూడా లేని వ్యోమింగ్ పల్లెలోకి దిగుతారు. గాయపడిన నాయకుడు బ్రూన్ ఒక్కడి మాటే వాళ్లను అదుపులో ఉంచుతుంది. అతను పోతే ఊరికి దిక్కు లేదు. రాబర్ట్ రయాన్ పోషించిన స్టారెట్, కొండల్లో దారి ఉందని అబద్ధం చెప్పి ముఠాను మంచులోకి నడిపిస్తాడు. అక్కడ వాటాల కోసం దొంగలు ఒకరినొకరు చంపుకుంటారు. మిగిలినవాడు స్టారెట్ మీద తుపాకీ ఎత్తినా గడ్డకట్టిన వేళ్లు వంగవు. చేతిలో తుపాకీ, సంచిలో బంగారం ఉండీ మనిషి నిస్సహాయుడైన ఆ క్షణం మరిచిపోలేనిది.

సామ్ పెకిన్‌పా ‘రైడ్ ది హై కంట్రీ’ 1962లో వచ్చింది. గని శిబిరం నుంచి బ్యాంకుకు బంగారం తేవడానికి ముసలి మాజీ మార్షల్ ఒకడు, జోయెల్ మెక్రే, ఒప్పుకుంటాడు. తోడుగా వచ్చిన పాత మిత్రుడు, రాండాల్ఫ్ స్కాట్, దాన్ని కాజేయాలని చూస్తాడు. రెండున్నర లక్షల డాలర్లని మొదట విన్న సరుకు, తీరా తూకం వేస్తే పదకొండు వేలు పైచిలుకు. ఎం.జి.ఎం. సంస్థ దీన్ని రెండు సినిమాల ఆటలో రెండోదిగా విడుదల చేసి చేతులు దులుపుకుంది. ఇప్పుడది పెకిన్‌పా ఉత్తమ చిత్రాల్లో ఒకటి. స్కాట్‌కు ఇదే ఆఖరి సినిమా.

ఈ కథలన్నిటిలో దొంగలకు బంగారం దక్కకపోవడానికి ఒక నిబంధన కూడా కారణం. 1934 నుంచి గట్టిగా అమలైన హాలీవుడ్ నిర్మాణ నియమావళి ప్రకారం నేరం లాభించినట్టు చూపకూడదు. పెట్టె అసలు యజమానికి చేరాలి, లేదంటే గాలికో నీటికో పోవాలి. ముగింపు ఏమిటో ముందే తెలిసిన కథలో ఆసక్తి నిలపాలంటే మనుషుల మధ్య సంబంధాలను పదును పెట్టడం తప్ప దారి లేదు. మంచి రచయితలు అదే చేశారు.

1950ల మధ్యకు టెలివిజన్ ఇంటింటికీ చేరి వారం వారం కౌబాయ్ కథలు చూపడం మొదలయ్యాక థియేటర్లలో చిన్న సినిమాల పరంపర క్రమంగా ఆగిపోయింది. ఆ తర్వాత ఇటలీవాళ్లు స్పెయిన్ ఎడారుల్లో తక్కువ ఖర్చుతో అలాంటి సినిమాలు మళ్లీ తీశారు. సెర్జియో లియోనీ 1966 చిత్రం ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో సమాధిలో దాచిన 2 లక్షల డాలర్ల బంగారం కోసం ముగ్గురు పోటీ పడతారు. అమెరికా నియమావళి అక్కడ వర్తించదు కాబట్టి బంగారం దొంగలకే దక్కింది. 1969లో వచ్చిన ‘మెకన్నాస్ గోల్డ్’ చిన్న సినిమా కాదు. అమెరికాలో తడబడ్డా భారతదేశంలో అది బ్రహ్మాండంగా ఆడింది.

ఆ ఊపు తెలుగులోకీ వచ్చింది. హీరో కృష్ణ సొంత సంస్థ పద్మాలయా పతాకంపై, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర రచనతో ‘మోసగాళ్లకు మోసగాడు’ 1971లో విడుదలైంది. ఒక సంస్థానపు నిధి చుట్టూ తిరిగే కథ. రాజస్థాన్ ఎడారిలో తీశారు. భారతదేశంలో మొదటి కౌబాయ్ చిత్రంగా పేరుపొందిన ఈ సినిమా తమిళంలోకీ, ఇంగ్లీషులోకీ అనువాదమైంది. 2023 మే 31న, కృష్ణ జయంతి సందర్భంగా, కొత్త ప్రింట్‌తో మళ్లీ థియేటర్లకు వచ్చింది.