డ్రాజెన్ పెట్రోవిచ్

డ్రాజెన్ పెట్రోవిచ్ (అక్టోబర్ 22, 1964 - జూన్ 7, 1993) క్రొయేషియాకు చెందిన బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. ఐరోపా నుండి వెళ్ళి అమెరికాలోని ఎన్.బి.ఏ. లీగులో పేరు తెచ్చుకున్న తొలితరం ఆటగాళ్ళలో ముఖ్యుడు.

ఇతడు అప్పటి యుగోస్లావియాలోని షిబెనిక్ పట్టణంలో జన్మించాడు. జాగ్రెబ్ నగరపు సిబోనా జట్టు 1985, 1986లలో వరుసగా ఐరోపా విజేతగా నిలవడంలో ఇతనిదే ప్రధాన పాత్ర. 1985లో ఒక లీగు ఆటలో ఇతడొక్కడే 112 పాయింట్లు సాధించాడు. అయితే ఆ రోజు ప్రత్యర్థులు జూనియర్ ఆటగాళ్ళను దించారన్న సంగతి మరువరాదు. 1989లో స్పెయిన్‌కు చెందిన రియల్ మాడ్రిడ్ తరఫున కప్ విన్నర్స్ కప్పు ఫైనల్లో చేసిన 62 పాయింట్లకు అటువంటి మినహాయింపు లేదు.

==అమెరికాలో==
1989లో పోర్ట్‌లాండ్ జట్టులో చేరాడు. అక్కడ క్లైడ్ డ్రెక్స్‌లర్, టెర్రీ పోర్టర్‌లు అదే స్థానాలలో పాతుకొని ఉన్నారు. ఐరోపాలో ఆటంతా తన చుట్టూ తిరిగిన పెట్రోవిచ్‌కు తొలి సీజనులో ఆటకు సగటున 12 నిమిషాలకు మించి అవకాశం దక్కలేదు. ఐరోపా ఆటగాళ్ళు రక్షణలో బలహీనులన్న అభిప్రాయం ఆనాడు అమెరికాలో బలంగా ఉండేది. 1991 జనవరిలో న్యూజెర్సీ నెట్స్ జట్టుకు మారాక పరిస్థితి తారుమారైంది. 1991-92లో సగటున 20.6, మరుసటి సీజనులో 22.3 పాయింట్లు సాధించాడు. అయినా 1993 ఆల్‌స్టార్ ఆటకు ఎంపిక కాలేదు. ఇది అన్యాయమని చాలామంది భావించారు.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రొయేషియాకు రజత పతకం లభించింది. 1993లో పోలండ్‌లో జాతీయ జట్టు పోటీలు ముగించుకొని తిరిగి వస్తూ, సహచరులతో విమానంలో వెళ్ళక కారులో బయలుదేరి, జర్మనీలో జరిగిన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఇతని వయసు 28 ఏళ్ళు. నెట్స్ జట్టు ఇతని 3వ నంబరు చొక్కాను మరెవరికీ ఇవ్వరాదని అదే ఏడాది నిర్ణయించింది.