ఊపిరి చుట్టూ నీరు: రోగికి షరీఅత్ ఇచ్చిన వెసులుబాటు

2022 ఏప్రిల్, రంజాన్ మొదటి వారం. రొమ్ము క్యాన్సర్‌కు కీమో చేయించుకుంటున్న మా ఆపాకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. వెల్లకిలా పడుకుంటే దగ్గు. ఎక్స్‌రే చూసిన డాక్టరు ‘ఊపిరితిత్తుల దగ్గర నీరు చేరింది’ అన్నారు. ఇంటికి రాగానే ఆపా చేసిన మొదటి పని నీళ్లు తాగడం తగ్గించడం. రెండో పని, డాక్టరు వద్దన్నా రోజా ఉండడం. తాగకపోతే చేరదు కదా, సవాబుకు సవాబు, మందుకు మందు అని ఆమె లెక్క. సిగ్గుపడుతూనే చెబుతున్నాము, ‘అదీ నిజమే ఆపా’ అన్నది మేమే. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన మాకు, ఆ మాట అనే ముందు డాక్టరును అడగాలని తోచలేదు. నాలుగో రోజు సహరీ వేళ ఆమె కళ్లు తిరిగి పడిపోయింది.

ఆ నీరు మనం తాగే నీరు కాదు. ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఒక పొర, పక్కటెముకల లోపలి వైపు మరో పొర ఉంటాయి. రెండూ రాపిడి లేకుండా జారడానికి మధ్యలో కొన్ని చెంచాల ద్రవం ఉంటుంది. ఎప్పటికప్పుడు ఊరుతుంది, ఎప్పటికప్పుడు ఇంకిపోతుంది. క్యాన్సర్ కణాలు ఆ పొరల మీదికి పాకితే ఊరడం ఎక్కువవుతుంది, ఇంకే దారులు మూసుకుపోతాయి. లీటరు, లీటరున్నర కూడా చేరుతుంది. ఊపిరితిత్తి విచ్చుకునే చోటు ఉండదు. రొమ్ము, ఊపిరితిత్తి, అండాశయం క్యాన్సర్లలోనూ, లింఫోమాలోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. నీళ్లు మానేస్తే ఆ ద్రవం తగ్గదు, ఒళ్లు మాత్రం ఎండిపోతుంది. మన దేశంలో క్షయ వల్ల కూడా ఇలా నీరు చేరుతుంది. అందుకే తీసిన ద్రవాన్ని పరీక్షకు పంపుతారు.

నీరు తీయడం పెద్ద ఆపరేషను కాదు. రోగిని కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు పెట్టి వాలమంటారు. స్కానింగులో చోటు చూసుకుని, మత్తు సూది ఇచ్చి, వీపు వైపు నుంచి సన్నని గొట్టం పెడతారు. ఒక్కసారిగా ఎక్కువ తీస్తే ఊపిరితిత్తికే ప్రమాదం గనుక సాధారణంగా లీటరున్నర దాటనివ్వరు. ఆపాకు ఆ సాయంత్రమే దిండు ఎత్తు లేకుండా నిద్ర పట్టింది. మా అమ్మీ వరండాలో షుక్రానా నమాజు చదివింది.

పన్నెండు రోజులకు మళ్లీ చేరింది. ఇంకో రెండు వారాలకు మళ్లీ. ‘తీసినకొద్దీ ఊరుతుంది, ఇక తీయించకండి’ అన్నారు ఇరుగుపొరుగు. తీయడం వల్ల ఊరడం లేదు, జబ్బు వల్ల ఊరుతోంది. కీమో పనిచేస్తే కొందరికి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే రెండు దారులు. ఒకటి, నీరంతా తీశాక టాల్క్ పొడి లోపలికి పంపి రెండు పొరలూ అతుక్కునేటట్టు చేయడం. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుంటేనే ఇది కుదురుతుంది. రెండోది, మెత్తని సన్నగొట్టం ఒకటి పక్కటెముకల దగ్గర అమర్చి, ఇంట్లోనే రోజు విడిచి రోజు సీసాలోకి తీసుకోవడం. డాక్టరు ఆపాకు రెండోది ఎంచారు. పని నేర్చుకున్నది మా మేనకోడలు. చేతులు కడగడం, గ్లవ్స్, కట్టు మార్చడం అన్నీ ఆసుపత్రి నర్సు దగ్గర చూసి వచ్చింది. నొప్పి గానీ ఆగని దగ్గు గానీ వస్తే ఆపేయాలి. జ్వరం వచ్చినా, గొట్టం దగ్గర ఎర్రబడినా, చీము కనిపించినా, ఆయాసం హఠాత్తుగా పెరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆపా పంతం నమాజు దగ్గర. వంగితే ఊపిరి అందదు, అయినా సజ్దా నేల మీదే చేస్తానంటుంది. మూలశంక బాధతో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు నిలబడలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి చదవమని దైవప్రవక్త (స) చెప్పారన్న సంగతి ఆమెకు చిన్నప్పుడే తెలుసు. తెలిసినా, అది ఇంకెవరికో చెప్పిన మాట అనుకుంది. కుర్చీలో కూర్చుని తల వంచి రుకూ, ఇంకొంచెం వంచి సజ్దా. దిండు ఎత్తి నుదుటికి ఆనించుకోనక్కర్లేదు. గొట్టం ఉన్నవారికి హనఫీ ఫిఖహ్ ప్రకారం ద్రవం బయటికి కారితే వజూ పోతుంది. కాబట్టి సీసా పని ముగించుకుని వజూ చేసుకోవడం తేలిక. ఆగకుండా కారుతుంటే ఆ రోగి మాజూర్, ఒక నమాజు వేళకు ఒక వజూ చాలు. గుస్ల్ తప్పనిసరైనప్పుడు కట్టు తడపరాదు, దాని మీద మసహ్ చేసి మిగిలిన ఒళ్లు కడుక్కోవాలి. సందేహముంటే మీ ఊరి ముఫ్తీ సాహెబును అడగండి, డాక్టరు చెప్పింది కూడా ఆయనకు చెప్పండి.

ఇయాదత్‌కు వచ్చేవారితో ఒక మాట. ఆయాసపడే మనిషికి మాట్లాడటమే శ్రమ. గది నిండా కూర్చుని ‘ఎలా ఉంది, ఎప్పటినుంచి’ అని పదిమందీ అడిగితే పదిసార్లు జవాబు చెప్పాలి. ఒకావిడ మంచం పక్కనే ఇదే జబ్బుతో పోయిన తన తోటికోడలి కథ మొత్తం చెప్పింది. దుఆ చేసి, ఐదు నిమిషాల్లో లేవండి. కిటికీ తెరవండి. ముఖానికి తగిలేటట్టు చిన్న ఫ్యాను పెడితే ఆయాసం కొంత తగ్గినట్టుంటుంది, ఇది డాక్టర్లే చెప్పే మాట. ఇన్నిటికీ లొంగని ఆయాసానికి కొద్ది మోతాదు మార్ఫిన్ ఇస్తారు. మత్తుమందు హరామ్ కదా అని ఇళ్లల్లో భయపడతారు. వైద్యుడు రాసి, కొలిచి ఇచ్చే మందు వేరు, సరదాకు తీసుకునే మత్తు వేరు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఇలాంటి బాధలు తగ్గించడానికే ప్రత్యేక విభాగం ఉంది.

మేనకోడలు ప్రతిసారీ ఎంత వచ్చిందో లెక్కల నోటుబుక్కులో రాసేది. జూన్‌లో 400 మిల్లీలీటర్లు, ఆగస్టులో 250. అక్టోబరులో వరుసగా మూడుసార్లు 50కి లోపే వచ్చింది. స్కానింగు చేసి పొరలు వాటంతటవే అతుక్కున్నాయని చూసుకుని గొట్టం తీసేశారు. క్యాన్సర్ పోలేదు, మాత్రలు నడుస్తూనే ఉన్నాయి. 2023 రంజాన్‌లో ఆపా రోజాలు ఉండలేదు. ఇక ఉండగలిగే ఆశ లేదని డాక్టరు చెప్పాక ఫిద్యా ఇద్దామంది. గోధుమలు తనే తరాజులో తూచి, ముప్ఫై సంచులు కట్టించి పంపింది. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగింది.