ధర తప్పు పడితే కారు ఇచ్చి తీరాలా?

ఐదు లక్షల రూపాయలు విలువ చేసే కారు. ఆన్‌లైన్ వేలంలో ప్రారంభ ధర నమోదు చేసేటప్పుడు ఒక సున్నా జారిపోయి యాభై వేలయింది. గడువు ముగిసేసరికి పాట అరవై వేల వద్ద ఆగింది. పొరపాటు జరిగిందని అమ్మకందారు, పాట తనదే కనుక బండి అప్పగించాలని పాటదారు పట్టుబడితే చట్టం ఎవరి పక్షం? రుణ బకాయిల కింద స్వాధీనం చేసుకున్న వాహనాలను బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఆన్‌లైన్‌లో వేలం వేస్తుండటంతో పల్లెల్లో ఉన్నవారు సైతం సెల్‌ఫోన్‌లోనే పాట పాడుతున్నారు. అందువల్ల ఈ ప్రశ్న ఎవరికైనా ఎదురుకావచ్చు.

ధర తక్కువ పలకడం వేరు, తప్పుగా పడటం వేరు. ఈ రెండింటినీ న్యాయస్థానాలు ఒకే గాటన కట్టలేదు.

ఒక్క యూరోకే పాసాట్

జర్మనీలో ఒక వ్యక్తి తన పాత ఫోక్స్‌వాగన్ పాసాట్ కారును ఈబే వేలంలో ఒక్క యూరో ప్రారంభ ధరతో పెట్టాడు. అంతకు తగ్గితే అమ్మేది లేదనే కనీస ధర ఏదీ నిర్ణయించలేదు. మరొకరు 555.55 యూరోల గరిష్ఠ పరిమితితో ఒక యూరోకు పాట పాడారు. కొన్ని గంటల్లోనే అమ్మకందారు వేలాన్ని రద్దు చేశాడు. బయట 4,200 యూరోలిచ్చే బేరం దొరకడమే కారణం. కారు విలువ 5,250 యూరోలన్నది పాటదారు వాదన. అందులో ఒక యూరో మినహాయించి 5,249 యూరోలు ఆయన కోరగా, పరిహారం చెల్లించాల్సిందేనన్న తీర్పును ఆ దేశ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2014 నవంబరులో ఖరారు చేసింది. కనీస ధర పెట్టకుండా వేలానికి వచ్చినవాడే ఆ నష్టభయాన్ని మోయాలన్నది దాని సారాంశం. అక్కడ జరిగింది పొరపాటు కాదు, అత్యాశ.

అదే న్యాయస్థానం 2005లో ఇందుకు భిన్నంగా తీర్పు చెప్పింది. 2,650 యూరోల ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ లోపంతో 245 యూరోలుగా ప్రదర్శితమైంది. అమ్మకందారు ఉద్దేశం ఒకటి, తెరపై పడిన అంకె మరొకటి కనుక ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని స్పష్టం చేసింది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1997లో ఒక పత్రిక ప్రకటనలో పాత జాగ్వార్ కారు ధర 37,995 డాలర్లకు బదులు 25,995గా అచ్చయింది. అది వేలం కాకపోయినా చిక్కు ఇదే. డీలరు ఆ కారును 35 వేల డాలర్లకు కొన్నాడు. ఒప్పందం కుదిరినట్లేనని రాష్ట్ర సుప్రీంకోర్టు 2001లో అంగీకరిస్తూనే, నిజాయితీగా జరిగిన పొరపాటు కనుక డీలరును దాని నుంచి విముక్తుణ్ని చేసింది.

మన చట్టం కొంత కఠినం

భారతీయ ఒప్పందాల చట్టం-1872లోని సెక్షన్ 20 ప్రకారం, ముఖ్యమైన వాస్తవం విషయంలో ఇరుపక్షాలూ పొరబడితే ఒప్పందం చెల్లదు. ఒక పక్షం పొరబడిందన్న కారణంతో మాత్రమే రద్దు చేసుకోవడానికి వీల్లేదని సెక్షన్ 22 చెబుతోంది. ‘మాత్రమే’ అన్న మాటలోనే వాదనకు చోటుంది. ఎదుటివాడు పొరబడ్డాడని తెలిసీ సొమ్ము చేసుకోబోయిన కొనుగోలుదారుకు ఇంగ్లండ్ న్యాయస్థానం 1939లోనే మొండిచేయి చూపింది. కుందేలు చర్మాలకు ఒక్కింటి లెక్కన చెప్పాల్సిన ధరను పౌను లెక్కన చెప్పిన కేసు అది. ఐదు లక్షల కారు అరవై వేలకు వస్తుంటే అనుమానం రాలేదంటే ఏ న్యాయమూర్తీ సులభంగా నమ్మరు.

వస్తు విక్రయ చట్టం-1930లోని సెక్షన్ 64 మేరకు సుత్తి దెబ్బతో గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ ప్రకటించాకే వేలం పూర్తవుతుంది. ఆలోగా పాటదారు వెనక్కి తగ్గవచ్చు. అయితే ఆన్‌లైన్ వేలాల్లో ఆఖరి మాట నిబంధనలదే. హెచ్చు పాటను తిరస్కరించే అధికారం తమదేనని చాలా సంస్థలు ముందే రాసుకుంటాయి. అటువంటి చోట ఆమోద పత్రం అందేవరకు హెచ్చు పాటదారుకు బండిపై హక్కు రాదు.

సున్నా జారడం ఒక్క అమ్మకందారు వైపే జరగదు. రెండు లక్షలు కొట్టబోయి ఇరవై లక్షలు కొట్టిన పాటదారుకూ సెక్షన్ 22 అడ్డొస్తుంది. మిగతా సొమ్ము కట్టకపోతే ధరావతు జప్తవుతుందన్న షరతు ఇటువంటి వేలాల్లో తరచూ ఉంటుంది. పొరపాటు గమనించిన వెంటనే, గడువు ముగియకముందే వేలం నిర్వాహకులకు లిఖితపూర్వకంగా తెలిపి, ఆ ప్రతిని, తెరపై కనిపించిన ధర చిత్రాన్ని భద్రపరచుకోవాలి.