కార్బన్ సైకిల్ కొంటున్నారా? అయితే ఇవి మీకు తెలుసా?

రోడ్ బైకుల షాపులో అడుగు పెట్టగానే అక్కడి కుర్రాడు కార్బన్ సైకిల్‌ని రెండు వేళ్లతో పైకి లేపి చూపిస్తాడు. మీ కళ్లు మెరుస్తాయి. చెయ్యి జేబులోకి పోతుంది. ఆగండాగండి! కార్డు గీకేలోపు కొన్ని విశేషాలు వినండి. విన్నాక కొంటారో, మానేస్తారో మీ ఇష్టం.

మీకు తెలుసా? ఒక్కో కార్బన్ పోగు మందం సుమారు 7 మైక్రాన్లు. మన తలవెంట్రుకలో పదో వంతు! అలాంటివి వేలకు వేలు కట్టగట్టి, జిగురు పట్టించి, వేడిచేస్తే అదే మిమ్మల్ని మోసే ఫ్రేము. కొండకు వెంట్రుక కట్టి లాగితే వస్తే కొండ, పోతే వెంట్రుక అన్నారు పెద్దలు. ఇక్కడ పోతే మాత్రం లక్షలే!

ఆ పోగును దేంతో చేస్తారో తెలుసా? ఎక్కువగా పాలీ అక్రిలోనైట్రైల్‌తో. చలికాలంలో మీరు వేసుకునే అక్రిలిక్ స్వెటరుదీ అదే వంశం! గాలి తగలకుండా 1,000 డిగ్రీలు దాటించి మాడిస్తే ఇంచుమించు కార్బన్ ఒక్కటే మిగులుతుంది. స్వెటరు వెయ్యి రూపాయలు, దాన్ని మాడిస్తే రెండు లక్షలు. ఇంట్లో పొయ్యి మీద పెట్టి చూడకండి!

ఎడిసన్ గారి తొలి బల్బుల్లో వెలిగిందీ కార్బన్ పోగే, తెలుసా? మొదట నూలుదారాన్ని మాడ్చి చూశాడు, తర్వాత వెదురుకు మారాడు. అప్పట్లో దాంతో ఇల్లు వెలిగింది. ఇప్పుడు ధర చూస్తే మన కళ్ల ముందు చుక్కలు వెలుగుతున్నాయి!

ఒక కోడి కార్బన్‌ను ఓడించిన సంగతి మీకు తెలుసా? 1960ల చివర్లో రోల్స్‌రాయిస్ తన ఆర్‌బీ211 విమాన ఇంజనుకు కార్బన్ ఫ్యాన్ రెక్కలు తగిలించింది. పక్షి తగిలితే తట్టుకుంటాయా అని చచ్చిన కోడిని వాటిమీదికి పేల్చి చూశారు. రెక్కలు ముక్కలు! చివరికి టైటానియం రెక్కలే దిక్కయ్యాయి. ఆ ఇంజను ఖర్చు తడిసి మోపెడై 1971లో రోల్స్‌రాయిస్ దివాలా తీసింది. కోడిపందెంలో ఇంత పెద్ద నష్టం మన గోదావరి జిల్లాల్లో కూడా ఎవరికీ వచ్చి ఉండదు!

ఈ తేలిక సరుకుకు మన హైదరాబాద్‌తోనూ చుట్టరికం ఉంది, తెలుసా? అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరొకాయన చేత్తో ఎత్తి చూశారు. వెంటనే అబ్దుల్ కలాంను ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారు! కలాం గారు చాలా సభల్లో చెప్పుకొని మురిసిపోయిన సంగతి ఇది. ఇక్కడ జోకు లేదు, చప్పట్లే.

సైకిల్ దగ్గరికొద్దాం. 1970ల్లో అమెరికాలో కార్బన్ గొట్టాల సైకిల్ అమ్మిన కంపెనీ ఏదో చెప్పగలరా? ఎక్సాన్! అవును, పెట్రోలు అమ్మే ఎక్సానే! ఆ సైకిల్ పేరు గ్రాఫ్‌టెక్. బంకు యజమానే జనాన్ని బంకుకు రాకుండా చేసే బండి అమ్మడమంటే ఎంత పెద్ద మనసు!

మీకు తెలుసా? టూర్ ద ఫ్రాన్స్‌ను కార్బన్ ఫ్రేము మొదటిసారి గెలిచింది 1986లో. తొక్కినవాడు గ్రెగ్ లెమాండ్. ఆ రేసు గెలిచిన తొలి అమెరికన్ కూడా ఆయనే. ఫ్రేము మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన లుక్ కంపెనీది. ఇంటివాళ్ల గుర్రమెక్కి పొరుగువాడు పెళ్లికొడుకయ్యాడు!

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కార్ల కంపెనీ లోటస్ చేసిన కార్బన్ సైకిల్ మీద క్రిస్ బోర్డ్‌మన్ ఏం చేశాడో తెలుసా? 4 కిలోమీటర్ల పర్స్యూట్ ఫైనల్లో ట్రాక్‌కు అటువైపు నుంచి బయల్దేరిన ప్రత్యర్థిని వెనకనుంచి వెళ్లి పట్టేశాడు! బ్రిటన్‌కు సైక్లింగులో 72 ఏళ్ల తర్వాత వచ్చిన ఒలింపిక్ స్వర్ణం అది.

కార్బన్ పెళుసు, గతుకుల్లో విరిగిపోతుంది అని మీ బాబాయి అన్నారా? అయితే ఆయనకు చెప్పండి. 1995లో ఫ్రాంకో బల్లెరీనీ పారిస్–రూబే రేసు గెలిచింది కొల్నాగో సీ40 అనే కార్బన్ సైకిల్ మీదే. ఆ దారిలో చాలాచోట్ల పాతకాలపు రాళ్లు పరిచి ఉంటాయి. మన వానాకాలపు రోడ్లకు దీటైనది అదొక్కటే!

ఇప్పుడు అసలు తమాషా. సైకిల్ మరీ తేలికైతే రేసులోకి రానివ్వరని తెలుసా? ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ 2000లో పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు. ఫ్రేములు ఎంత తేలికయ్యాయంటే, లెక్క సరిపెట్టడానికి మెకానిక్కులు సైకిల్లో బరువులు దూర్చిన రోజులున్నాయి. లక్షలు పోసి బరువు తగ్గించడం, సీసం ముక్కతో మళ్లీ పెంచడం!

అంతకన్నా వింత. 1972లో ఎడీ మెర్క్స్ మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టాడు. ఆయన సైకిల్ బరువు 6 కిలోల లోపే. దేంతో చేశారంటారా? స్టీలుతో! ఇవాళైతే ఆ స్టీలు సైకిల్‌ను మరీ తేలికని బయటికి పంపేస్తారు.

మరి 2022లో ఫిలిప్పో గన్నా గంటకు 56.792 కిలోమీటర్ల రికార్డు కొట్టిన సైకిల్ కార్బన్‌దే అనుకుంటున్నారా? తప్పు! స్కాండియం, అల్యూమినియం, మెగ్నీషియం కలిపిన లోహంతో త్రీడీ ప్రింటర్‌లో అచ్చేసిన ఫ్రేము అది. షాపు కుర్రాడు ఈ సంగతి మాత్రం చెప్పడు.

మీకు తెలుసా? 2020లో స్పెషలైజ్డ్ కంపెనీ తెచ్చిన ఏథోస్ ఫ్రేము బరువు 56 సైజులో 585 గ్రాములు. ముప్పావు లీటరు నీళ్ల సీసా నింపి దానికి తగిలించారనుకోండి, సైకిల్ అస్థిపంజరం కన్నా మీ దాహమే బరువు!

కార్బన్ ఫ్రేము యంత్రం ఉమ్మేసే సరుకు కాదు, చేతిపని అని తెలుసా? తైవాన్, చైనా ఫ్యాక్టరీల్లో జిగురు పట్టించిన నల్లని కార్బన్ పలకలను ఫ్రీజర్లో దాస్తారు, ముందే గట్టిపడిపోకుండా. వాటిని వందల ముక్కలుగా కోస్తారు. ఏ ముక్క ఎక్కడ, ఏ కోణంలో, ఎన్నోదిగా అంటించాలో పట్టీ ఉంటుంది. పోగులు నిలువుగా ఉంటే ఒక గుణం, ఏటవాలుగా ఉంటే ఇంకో గుణం. పనివాళ్లు ఒక్కో ముక్క పరిచి, వేళ్లతో నొక్కి, గాలి బుడగ మిగలకుండా సాపు చేస్తారు. తర్వాత అచ్చులో పెట్టి, లోపల గాలితిత్తి ఊది, వేడిచేస్తారు. ఒక్క ముక్క వరస తప్పినా పైకి ఏమీ కనిపించదు. రంగేశాక అన్నీ అందగత్తెలే! ఊరూపేరూ లేని చవక ఫ్రేము చూసి ఎగబడకూడదనేది అందుకే.

తైవాన్ అంటే గుర్తొచ్చింది. అక్కడి జెయింట్ కంపెనీ స్థాపకుడు కింగ్ లియూ 73 ఏళ్ల వయసులో ఏం చేశాడో తెలుసా? సైకిలెక్కి తైవాన్ చుట్టూ తిరిగొచ్చాడు! మోకాళ్ల నొప్పులంటున్న నలభై ఏళ్ల కుర్రాళ్లూ, వింటున్నారా?

మీకు తెలుసా? కార్బన్ సీటు గొట్టాన్ని బిగించే బోల్టుకు చాలా సైకిళ్లలో 5 న్యూటన్ మీటర్ల బలం చాలు. అంటే టార్క్ రెంచి ఉండాల్సిందే. వీధి చివర మెకానిక్ పళ్లు బిగబట్టి ఇంకో అరచుట్టు తిప్పాడా, టప్! ఆ శబ్దం ఖరీదు చాలా ఎక్కువ. అక్కడ గ్రీజు కూడా పనికిరాదు, గరుకు పేస్టు రాయాలి.

సెకండ్ హ్యాండ్ కార్బన్ సైకిల్ కొంటుంటే రూపాయి బిళ్ల దగ్గరుంచుకోవాలని తెలుసా? సంతలో కుండ కొట్టి చూసినట్టు గొట్టం పొడవునా మెల్లగా కొడుతూ పోండి. అంతటా ఖణేల్‌మంటూ ఒకచోట మొద్దుగా మోగిందా, లోపల పగులుందేమోనని అనుమానించండి. పగిలితే పారేయడమే అనుకోకండి. చాలా పగుళ్లకు కార్బన్ మాటు వేసే నిపుణులున్నారు.

ప్రపంచంలో అతి ఖరీదైన సైకిళ్లలో ఒకటి ఎంత పలికిందో చెప్పుకోండి చూద్దాం. 5 లక్షల డాలర్లు! 2009లో వేలం వేసిన ట్రెక్ కార్బన్ సైకిల్ అది. దానిమీద చిత్రకారుడు డామియన్ హర్స్ట్ నిజమైన సీతాకోకచిలుకల రెక్కలు అంటించాడు. జంతుప్రేమికులు భగ్గుమన్నారు. పాపం, ఎగరాల్సిన రెక్కలు తొక్కించుకున్నాయి.

కార్బన్ కూడా చాలక సైకిల్లో మోటారు దాచిన ఘనులున్నారని తెలుసా? 2016 సైక్లోక్రాస్ ప్రపంచ పోటీల్లో బెల్జియం క్రీడాకారిణి సైకిల్లో అది బయటపడింది. ఆరేళ్ల నిషేధం! ఇప్పుడు సైకిళ్లకూ ఎక్స్‌రేలు తీస్తున్నారు.

ఇక లెక్కల మాస్టారుకు స్వాగతం! మీరు 70 కిలోలు. అల్యూమినియం సైకిల్ 10 కిలోలు, కార్బన్‌ది 8 అనుకుందాం. మొత్తం బరువులో తేడా రెండున్నర శాతం. గంటసేపు ఎక్కే ఘాట్‌లో మిగిలేది సుమారు తొంభై సెకన్లు. కార్బన్‌కు లక్ష ఎక్కువ పెట్టారా, సెకనుకు 1,100 రూపాయల పైమాటే! లాయర్లు కూడా ఇంత తీసుకోరు.

చదును రోడ్డు మీద? 40 కిలోమీటర్ల వేగంలో మీ శ్రమలో 80 శాతానికి పైగా గాలిని చీల్చడానికే పోతుంది. ఆ గాలి ఎక్కువగా తగిలేది సైకిల్‌కు కాదు, మీ ఒంటికి! హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉందిగా, అక్కడ ప్రయత్నించండి. నిటారుగా కూర్చుని కొంతదూరం, ఒళ్లు వంచి కొంతదూరం. వంగడం ఉచితం, పొట్ట అడ్డురాకపోతే.

ఒళ్లు హూనమవుతోందని కార్బన్ కొంటున్నారా? రేసు వీరులు ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లు వాడేవారు. ఇప్పుడు 28, ఆపైనే. ముందు టైర్లు మార్చి, గాలి కాస్త తగ్గించి చూడండి. నడుముకు తేడా తెలుస్తుంది, బ్యాంకు ఖాతాకు తెలియదు.

ఒక చల్లని కబురు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. షాపువాడు పాత లెక్క చెబితే చెవి మెలేయండి.

మరి కొనాలా, వద్దా? వారం వారం కొండలెక్కేవాళ్లు, రేసుల్లో దిగేవాళ్లు, ఈఎంఐకి భయపడనివాళ్లు కొనుక్కోండి. సరైన సైజు చూసుకోండి, టార్క్ రెంచి కూడా కొనండి. మొదటి రోడ్ బైక్ అయితే మాత్రం కార్బన్ ఫోర్కున్న అల్యూమినియం సైకిల్ చాలు. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, హెల్మెట్, లైట్లు కొనుక్కోవచ్చు.

బిల్లు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగడం మాత్రం మరవకండి: సైకిల్‌తో ఏమేం రావు? ఖరీదైన కార్బన్ సైకిళ్లు చాలావాటికి స్టాండు ఉండదు, క్యారియర్ ఉండదు, మడ్‌గార్డు ఉండదు. మీకు తెలుసా? పెడళ్లు కూడా ఉండవు! అవి విడిగా కొనుక్కోవాలి.